ముందు డబ్బా, తరువాత బిళ్ల



మూత్రానికి వెళితే మంట. వెళ్లొచ్చి కూర్చున్న పావుగంటకే మళ్లీ వెళ్లాలనిపించడం, తీరా వెళితే నాలుగు చుక్కలు. పొత్తికడుపులో బరువు, లాగుతున్నట్టు నొప్పి. ఆడవాళ్లలో సగం మందికి జీవితంలో ఒక్కసారైనా ఈ బాధ తప్పదని వైద్యులు చెబుతారు. మగవాళ్లకు వయసు మీద పడ్డాక వస్తుంది. పసిపిల్లలకూ వస్తుంది. ఇంత మామూలు జబ్బయినా దీని గురించి నోరు విప్పి చెప్పుకునేవాళ్లు తక్కువ. దాంతో ఏ పరీక్ష ఎక్కడ చేస్తారో, ఎప్పుడు చేయించుకోవాలో చాలామందికి తెలియకుండానే ఉండిపోతోంది. ఈ పూట మన గోదావరి జిల్లాల్లో యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కు పరీక్షలు ఎక్కడ దొరుకుతాయి, వాటిని ఏ వరుసలో వాడుకోవాలి అన్న సంగతి చెప్పుకుందాం.

మంట అనగానే మన ఇళ్లలో మొదట అనేది "వేడి చేసింది" అని. కోనసీమలో అయితే బొండం కొట్టి ఇస్తారు. మిగతాచోట్ల బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, పలచని మజ్జిగ. వీటిలో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ఎండలో తిరిగి, నీళ్లు చాలక మూత్రం చిక్కబడినా కాస్త మంట పుడుతుంది. ఓ పూట నీళ్లు బాగా పడితే అది దానంతటదే పోతుంది. నీళ్లు తాగినా మర్నాటికి తగ్గలేదంటే, మాటిమాటికీ వెళ్లాల్సి వస్తోందంటే, మూత్రం మబ్బుగానో ఎర్రగానో వస్తోందంటే అది వేడి కాదు. లోపల సూక్ష్మజీవి చేరి ఉండవచ్చు. ఎక్కువమందిలో అది ఈ-కోలై అనే బ్యాక్టీరియా. మన పేగుల్లోనే ఉంటుంది, అక్కడ దానివల్ల మామూలుగా ఏ హానీ లేదు. దారి తప్పి మూత్రనాళంలోకి ఎక్కినప్పుడే ఈ గొడవంతా. ఆడవాళ్లలో ఆ నాళం పొట్టిది కాబట్టి మూత్రసంచి దాకా చేరడం దానికి సులువు.

బొండం పని చేయకపోతే రెండో మజిలీ మందుల షాపు. సాయంత్రం పూట ఏ సెంటర్లో నిలబడినా ఈ మాటలు వినిపిస్తాయి.

"తమ్ముడూ, మా అమ్మాయికి నీరు పోసుకుంటే మంటగా ఉంటుందంట. ఏవైనా ఇవ్వు."

"ఎన్నాళ్ల నుంచండి?"

"మొన్నటి నుంచి."

"ఈ బిళ్ల పొద్దున్నొకటి, రాత్రొకటి వేయండి. ఈ సిరప్పు నీళ్లలో కలిపి ఇవ్వండి."

సిరప్పుతో మూత్రంలో పులుపు విరిగి మంట నెమ్మదిస్తుంది. అది సూక్ష్మజీవిని చంపదు. బిళ్ల యాంటిబయాటిక్. రెండు రోజులకు తగ్గినట్టనిపిస్తుంది, మిగిలిన బిళ్లలు అలమరలో పడతాయి. వారం పదిరోజులకు మళ్లీ మొదలు. ఈసారి పట్నంలో పెద్ద డాక్టరు దగ్గరికి వెళతారు. ఆయన కల్చర్, అంటే మూత్రంలోని సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష, చేయించమని రాస్తారు. ల్యాబులో డబ్బా చేతికిస్తూ అడుగుతారు:

"అమ్మా, ఈ మధ్య ఏవైనా బిళ్లలు వేసుకున్నారా?"

"ఏసుకున్నానండి, పొద్దున్న కూడా ఏసుకునే వచ్చాను."

రెండు రోజుల తరువాత రిపోర్టులో "నో గ్రోత్" అని వస్తుంది. అంటే ఏమీ మొలవలేదు. జబ్బు లేక కాదు. మూత్రంలో మందు ఉండటంతో ల్యాబులో సూక్ష్మజీవి పెరగలేదు. మంట అలాగే ఉంది, డబ్బు ఖర్చయింది, డాక్టరు చేతికి ఆధారం మాత్రం దొరకలేదు. అందుకే ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ముందు డబ్బా, తరువాత బిళ్ల. శాంపిల్ ఇచ్చిన మరుక్షణం డాక్టరు రాసిన మందు మొదలుపెట్టవచ్చు. కల్చర్ ఫలితం వచ్చేదాకా బాధపడుతూ కూర్చోనక్కర్లేదు. శాంపిల్ మాత్రం మందుకంటే ముందే ఇవ్వాలి.

మరి ఆ డబ్బా ఎక్కడ దొరుకుతుంది? మూడు మెట్లున్నాయి. కింది మెట్టు నుంచి వద్దాం.

మొదటి మెట్టు ఊళ్లోనే ఉంది. గ్రామ సచివాలయాలు వచ్చిన కాలంలో విలేజ్ క్లినిక్ అన్నాం, ఇప్పుడు బోర్డు మీద ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని కనిపిస్తుంది. అంతకు ముందు సబ్ సెంటర్. ఏ.ఎన్.ఎం., ఎం.ఎల్.హెచ్.పి. అని పిలిచే ఆరోగ్య కార్యకర్తలు అక్కడ ఉంటారు. దేశమంతటికీ వర్తించే ఉచిత పరీక్షల పథకం ప్రకారం ఈ స్థాయిలో 14 రకాల పరీక్షలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 63, పై ఆసుపత్రులకు వెళ్లేకొద్దీ ఇంకా ఎక్కువ అందాలి. మూత్రంలో చక్కెర, ఆల్బుమిన్ చూసే పరీక్ష ఊళ్లోనే అవుతుంది. గర్భిణులకు ఏ.ఎన్.ఎం. చేసేది అదే. చిన్న ప్లాస్టిక్ పట్టీని మూత్రంలో ముంచి, రంగు మారిందేమో చూస్తారు.

ఆ పట్టీల్లో పది గళ్లున్నవి కూడా ఉంటాయి. అందులో రెండు గళ్లు మనకు ముఖ్యం. ఒకటి నైట్రైట్ గడి. ఈ-కోలై వంటి సూక్ష్మజీవులు మూత్రంలోని నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి, దాంతో ఆ గడి గులాబీ రంగుకు తిరుగుతుంది. రెండోది ల్యూకోసైట్ గడి. సూక్ష్మజీవితో పోరాడటానికి వచ్చిన తెల్ల రక్తకణాల జాడ అందులో తెలుస్తుంది. రెండూ రంగు మారితే ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టే అనుకోవచ్చు. నైట్రైట్ తయారు కావడానికి మూత్రం సంచిలో నాలుగు గంటలైనా నిలవుండాలి. అందుకే తెల్లవారి లేవగానే పోసే మూత్రం ఈ పరీక్షకు మంచిది. పావుగంటకోసారి వెళుతున్న మనిషిలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఈ గడి తెల్లగానే ఉండిపోవచ్చు. పైగా కొన్ని జాతుల సూక్ష్మజీవులు నైట్రైట్ తయారు చేయనే చేయవు. కాబట్టి పట్టీ లేదన్నంత మాత్రాన జబ్బు లేదని తీర్పు చెప్పకూడదు.

ఈ పట్టీలు పెద్ద మందుల షాపుల్లో, ఆన్‌లైన్లో దొరుకుతాయి. ఇంట్లో చూసుకునేవాళ్లు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. పట్టీ తీయగానే సీసా మూత బిగించాలి, మన డెల్టా ఉక్కకు అవి తొందరగా పాడవుతాయి. గళ్లను వేలితో ముట్టుకోకూడదు. సీసా మీద రాసిన సమయానికే రంగు చూడాలి. ఎక్కువ పట్టీల్లో నైట్రైట్‌కు ఒక నిమిషం, ల్యూకోసైట్‌కు రెండు నిమిషాలు. పని చూసుకుని వచ్చి పది నిమిషాల తరువాత చూస్తే ఆ రంగును నమ్మకూడదు.

రెండో మెట్టు మైక్రోస్కోపు. మండలంలో ఉండే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, అంటే పీహెచ్‌సీలో, దానిపైన కమ్యూనిటీ హెల్త్ సెంటర్లో, ఏరియా ఆసుపత్రిలో ల్యాబు టెక్నీషియన్ ఉంటారు. ఓపీ చీటీ రాయించుకుంటే పరీక్ష ఉచితం. శాంపిళ్లు సాధారణంగా పొద్దుటి పూటే తీసుకుంటారు కాబట్టి పెందలాడే వెళ్లాలి. ప్రైవేటులో అయితే మనకు లోటు లేదు. రాజమండ్రి దానవాయిపేటలో ఒక వీధి నడిస్తే ల్యాబు బోర్డులు వరసగా కనబడతాయి. భీమవరం, తణుకు, పాలకొల్లు, అమలాపురం, రామచంద్రపురం, ఏ పట్నం చూసినా అంతే. వీళ్లు చేసే పరీక్ష పేరు చీటీ మీద సీ.యూ.ఈ. అని ఉంటుంది, కంప్లీట్ యూరిన్ ఎగ్జామినేషన్. ఒకటి రెండు గంటల్లో రిపోర్టు ఇస్తారు.

ఆ కాగితంలో చాలా గళ్లుంటాయి. మీరు రెండు చూడండి. ఒకటి పస్ సెల్స్, అంటే చీము కణాలు. మైక్రోస్కోపులో ఒక చూపు మేరలో అయిదు దాటితే ఆలోచించాలి. రెండోది ఎపిథీలియల్ సెల్స్. ఇవి చర్మం మీది నుంచి, యోని నుంచి రాలిన కణాలు. ఇవి ఎక్కువగా ఉన్నాయంటే శాంపిల్ శుభ్రంగా పట్టలేదని అర్థం. అలాంటప్పుడు పస్ సెల్స్ ఎక్కువగా కనిపించినా గాభరా పడి మందు మింగకండి. మళ్లీ సరిగ్గా పట్టి ఇవ్వండి.

మూడో మెట్టు కల్చర్. ఏ సూక్ష్మజీవి చేరింది, అది ఏ మందుకు లొంగుతుంది అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఇక్కడే. రైతు విత్తనం చల్లేముందు గుప్పెడు గింజలు మొలక కట్టి చూసుకుంటాడే, ఇదీ అలాంటిదే. శాంపిల్‌లో ఉన్నదాన్ని పెరగనిచ్చి చూస్తారు. దీనికి మైక్రోబయాలజీ ల్యాబు కావాలి, ఇన్‌క్యుబేటర్ కావాలి, చూసి చెప్పే నిపుణులు కావాలి. అందుకే ఇది వీధి చివరి చిన్న ల్యాబులో ఉండకపోవచ్చు.

ఒక గుర్తు చెబుతాను. వైద్య కళాశాల ఎక్కడుంటే అక్కడ మైక్రోబయాలజీ విభాగం ఉంటుంది. పిల్లలకు ఆ పాఠం చెప్పాలి గనక అది లేకుండా కళాశాల నడవదు. ఆ లెక్కన మన డెల్టా అదృష్టవంతురాలు. కాకినాడలో 1958లో మొదలైన రంగరాయ వైద్య కళాశాల, దాన్ని ఆనుకుని పనిచేసే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. రాజమహేంద్రవరంలో, ఏలూరులో 2023 సెప్టెంబరులో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలలు, వాటికి అనుబంధంగా ఉన్న ఆసుపత్రులు. ప్రైవేటు రంగంలో రాజానగరం జీఎస్ఎల్, అమలాపురం కిమ్స్, ఏలూరు ఆశ్రం. తుని నుంచి నరసాపురం దాకా ఏ ఊరివాళ్లకైనా వీటిలో ఏదో ఒకటి ఒక పూట ప్రయాణంలో ఉంటుంది. బయట పెద్ద ప్రైవేటు ల్యాబులూ కల్చర్ చేస్తాయి, కొన్ని వందల రూపాయలవుతుంది.

ప్రైవేటుకు వెళ్లేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి. "కల్చర్ ఇక్కడే పెడతారా, బయటికి పంపుతారా?" చిన్న పట్నాల్లో చాలా బోర్డులు కలెక్షన్ సెంటర్లవి. వాళ్లు శాంపిల్ తీసుకుని విజయవాడకో హైదరాబాదుకో పంపుతారు. పంపడం తప్పు కాదు. ఏ వేళకు పంపుతారు, అందాకా ఫ్రిజ్‌లో పెడతారా, ఐసు పెట్టెలో తీసుకెళతారా అని అడిగే హక్కు మనకుంది. శనివారం సాయంత్రం ఇచ్చిన శాంపిల్ సోమవారం దాకా కదలకపోతే అది ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. ల్యాబు నాణ్యతకు ఇచ్చే ఎన్.ఏ.బీ.ఎల్. గుర్తింపు ఉందేమో కూడా అడగవచ్చు. ఆ గుర్తింపు మూత్రం కల్చర్‌కు కూడా వర్తిస్తుందా అన్నది అందులో అసలు ప్రశ్న.

ఎందుకింత పట్టింపు అంటారా? వెచ్చదనం దొరికితే ఈ-కోలై ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. రెండు గంటల్లో ఒకటి అరవై నాలుగు. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడి, దాటి, నరసాపురంలో ఆటో ఎక్కి ల్యాబు చేరేసరికి మే నెల ఎండలో సంచిలోని డబ్బాలో ఏం జరుగుతుందో ఊహించుకోండి. ఇంటి దగ్గర గోరంత ఉన్న లెక్క అక్కడికి వెళ్లేసరికి కొండంత అవుతుంది. లంక గ్రామాలవాళ్లు, దూరాభారం ఉన్నవాళ్లు ఇంటి దగ్గర పట్టుకుని బయలుదేరే కంటే ల్యాబుకు వెళ్లి అక్కడే ఇవ్వడం మేలు. ఇంటి దగ్గరే పట్టక తప్పకపోతే రెండు గంటల్లో చేర్చాలి. అది కుదరకపోతే ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో కాదు సుమా, పెట్టి ఇరవై నాలుగు గంటల్లోపు ఇవ్వవచ్చు.

ఇక డబ్బాలో పట్టే పద్ధతి. ల్యాబువాళ్లిచ్చే సీలు డబ్బానే వాడాలి. హార్లిక్స్ సీసా, జాము సీసా ఎంత వేన్నీళ్లతో కడిగినా పనికిరాదు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆడవాళ్లు ఆ భాగాన్ని ముందునుంచి వెనక్కి మామూలు నీళ్లతో కడుక్కోవాలి. డెట్టాల్ లాంటివి వద్దు, వాటి చుక్క పడితే సూక్ష్మజీవి చచ్చి ఫలితం తారుమారవుతుంది. మొదటి ధార వదిలేయండి. మధ్య ధార డబ్బాలో పట్టండి. చివరిది మళ్లీ వదిలేయండి. డబ్బా సగం నిండితే చాలు. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. మూత బిగించి, పేరూ, పట్టిన సమయమూ రాయించండి. నెలసరి రోజులైతే ఆ మాట ముందే చెప్పండి. పసిపిల్లలకు గుడ్డలోంచో దూదిలోంచో పిండి ఇచ్చేవాళ్లున్నారు, అలా ఇస్తే కల్చర్‌కు పనికిరాదు. పిల్లల డాక్టరు చెప్పిన పద్ధతిలోనే పట్టాలి.

ఆ డబ్బా ల్యాబు లోపలికి వెళ్లాక జరిగేది ఓసారి దగ్గరగా చూద్దాం. సన్నని తీగకు చివర గుండ్రని ఉంగరం ఉంటుంది. దాన్ని మూత్రంలో ముంచితే సరిగ్గా మిల్లీలీటరులో వెయ్యో వంతు పడుతుంది. దాన్ని అరచేతి వెడల్పు పళ్లెంలో, సముద్రపు నాచునుంచి తీసిన అగర్‌తో చేసిన జిగురు మీద గీతలుగా రాస్తారు. ఒక రాత్రంతా మన ఒంటి వేడిలో ఉంచుతారు. తెల్లారేసరికి పళ్లెం మీద ఆవగింజంత చుక్కలు లేస్తాయి. ఒక్కో చుక్కా ఒక్కో సూక్ష్మజీవి నుంచి పుట్టిన గుంపు. నూరు చుక్కలు లేస్తే వెయ్యితో హెచ్చవేసి మిల్లీలీటరుకు లక్ష అని రాస్తారు. రిపోర్టులో కనిపించే లక్ష అంకె అలా వచ్చింది. లక్ష దాటితే ఇన్‌ఫెక్షన్ అనేది పాత కొలత. మంట స్పష్టంగా ఉన్న ఆడవాళ్లలో అంతకంటే బాగా తక్కువ ఉన్నా డాక్టర్లు పరిగణిస్తారు. రెండు మూడు రకాల సూక్ష్మజీవులు కలగలిసి పెరిగితే మాత్రం శాంపిల్ పట్టడంలోనే పొరపాటు అనుకోవాలి.

అక్కడితో సగమే అయింది. పెరిగిన దాన్ని మరో పళ్లెం నిండా పరిచి, దాని మీద మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెడతారు. మర్నాటికి పనిచేసే మందు చుట్టూ ఏమీ పెరగని ఖాళీ వలయం ఏర్పడుతుంది. పనిచేయని మందు అంచు దాకా సూక్ష్మజీవి దర్జాగా పెరిగి ఉంటుంది. ఆ వలయాన్ని స్కేలుతో కొలిచి రిపోర్టులో ఎస్ అని, ఆర్ అని రాస్తారు. ఎస్ అంటే లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. అందుకే కల్చర్‌కు రెండు మూడు రోజులు పడుతుంది.

ఆ కాగితపు బిళ్లల్లో ఒకటి కో-ట్రైమాక్సజోల్. సూక్ష్మజీవి తనకు కావలసిన ఫోలిక్ ఆసిడ్ తయారు చేసుకోకుండా అడ్డుపడటం దాని పని. ఆ ఫోలిక్ ఆసిడ్‌ను 1945లో ప్రయోగశాలలో తయారు చేసిన అమెరికా లెడర్లీ కంపెనీ బృందానికి నాయకుడు మనవాడే, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన పర్యవేక్షణలోనే, బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా వెలుగుచూసింది. దాన్ని లోకానికి ప్రకటించిన 1948లోనే ఆయన కన్నుమూశారు. అలాంటి మందులు ఇవాళ పళ్లెంలో పెడితే చాలాసార్లు ఆర్ అనే వస్తోంది. భారత వైద్య పరిశోధన మండలి ఏటా ప్రచురించే నివేదికలు చూస్తే, మందుల షాపులో అడగ్గానే ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులకు ఈ-కోలై లొంగడం బాగా తగ్గిపోయింది. నైట్రోఫ్యురాంటాయిన్, ఫాస్ఫోమైసిన్ లాంటివి మూత్రసంచి ఇన్‌ఫెక్షన్‌లో ఇంకా పనిచేస్తున్నాయి. ఈ పేర్లు విన్నారని రేపు షాపుకు వెళ్లి కొనకండి. ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిన మనిషికి ఇవి చాలవు. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు నైట్రోఫ్యురాంటాయిన్ పనికిరాదు. మంటకు తాగే సిరప్పు దానితో కలిపి తాగితే మందు బలం తగ్గుతుంది. మందు అట్ట మీద నిలువునా ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడనిది అని అర్థం.

ఇప్పుడు మీకో అనుమానం రావచ్చు. మంట పుట్టిన ప్రతివాళ్లూ కల్చర్ చేయించాల్సిందేనా? అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న వయసు ఆడమనిషికి మొదటిసారి మంట వస్తే, జ్వరం లేకపోతే, డాక్టరు లక్షణాలు విని, పట్టీ చూసి మందు ఇవ్వవచ్చు. కల్చర్ తప్పనిసరిగా కావలసినవాళ్లు వేరే ఉన్నారు. గర్భిణులు, మగవాళ్లు, పిల్లలు, షుగరు ఉన్నవాళ్లు, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు, మందు వాడినా తగ్గనివాళ్లు, తగ్గి మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు.

గర్భిణుల సంగతి కాస్త విడిగా చెప్పాలి. వాళ్లలో మంట, నొప్పి ఏమీ లేకుండానే మూత్రంలో సూక్ష్మజీవి ఉండవచ్చు. వదిలేస్తే కిడ్నీకి పాకుతుంది, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం ఉంది. అందుకే గర్భిణుల్లో ఇలా దాగిన సూక్ష్మజీవిని కనిపెట్టడానికి మధ్య ధార మూత్రంతో కల్చర్ చేయడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్షలుంటాయి. ఆ రోజు చక్కెర, ఆల్బుమిన్ చూశారు సరే, "డాక్టరు గారూ, కల్చర్ కూడా రాస్తారా?" అని ఒక్క మాట అడగండి. అడిగితే పోయేదేం లేదు.

దీనికి తలకిందులైన పరిస్థితి ముసలివాళ్లది. మూత్రం వాసన వస్తోందనో, మబ్బుగా ఉందనో పిల్లలు కంగారుపడి పరీక్ష చేయిస్తారు. పెద్ద వయసులో ఏ బాధా లేకుండానే మూత్రంలో సూక్ష్మజీవి కనిపించడం మామూలు. గొట్టం వేసి ఉన్నవాళ్లలో అయితే కనిపించకపోతేనే వింత. జ్వరం, నొప్పి, మంట లేనప్పుడు రిపోర్టును బట్టి యాంటిబయాటిక్ వేస్తే లాభం లేదు, మొండి సూక్ష్మజీవిని పెంచి పోషించినట్టవుతుంది. అలాగే మందు వాడి పూర్తిగా తగ్గాక, తగ్గిందో లేదో చూద్దామని మళ్లీ కల్చర్ చేయించడమూ మామూలుగా అనవసరం. గర్భిణుల విషయం వేరు.

ఇంకో చిక్కు. పస్ సెల్స్ నిండా ఉంటాయి, కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగదు. ముందు చెప్పినట్టు బిళ్ల వేసుకుని ఉండవచ్చు. రాయి ఉండవచ్చు. సుఖవ్యాధి కావచ్చు, దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లున్నాయి, సిగ్గుపడక్కర్లేదు. మూత్రకోశానికి క్షయ సోకినా ఇలాగే కనిపిస్తుంది. మామూలు కల్చర్‌లో క్షయ పెరగదు, దానికి వేరే పరీక్ష ఉంది. కాబట్టి ఇలాంటి రిపోర్టు వస్తే బిళ్ల మార్చుకుంటూ పోకుండా డాక్టరుకు చూపించండి.

ఇవన్నీ చూసుకునే తీరిక లేని సందర్భాలూ ఉన్నాయి. చలి పెట్టి జ్వరం రావడం, నడుం పక్కన డొక్కలో నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, మూత్రం బిగుసుకుపోవడం, పెద్దవాళ్లు ఉన్నట్టుండి మాట తడబడి మగతగా అయిపోవడం. ఇందులో ఏది కనబడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కదల్లేకపోతే 108కి ఫోన్ చేయాలి. అక్కడ శాంపిల్ తీసుకునే పనీ, మందు ఎక్కించే పనీ వాళ్లే చూసుకుంటారు.

మూడు రోజుల కల్చర్‌ను ఒక్క పూటలో తేల్చేయాలన్న ప్రయత్నాలూ జరుగుతున్నాయి. బ్రిటన్‌లో 2014లో ప్రకటించిన లాంజిట్యూడ్ బహుమతి 2024లో ఇలాంటి పరికరానికే దక్కింది. బహుమతి సొమ్ము 80 లక్షల పౌండ్లు. నాలుగు చుక్కల మూత్రం పోస్తే సూక్ష్మజీవి ఉందో లేదో పావుగంటలో, ఏ మందుకు లొంగుతుందో ముప్పావుగంటలో చెబుతుందట. డాక్టరు దాకా వెళ్లకుండానే మందు అందే దారి కూడా అక్కడ ఉంది. ఇంగ్లండులో 2024 జనవరి చివరి నుంచి, 16 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లకు మామూలు మూత్ర ఇన్‌ఫెక్షన్‌ను మందుల షాపులోని ఫార్మసిస్టే నిర్ణీత ప్రశ్నలు అడిగి, మందు ఇచ్చే ఏర్పాటు చేశారు. అక్కడున్న మన పిల్లలకు ఇది తెలిస్తే ఇక్కడినుంచి సూట్‌కేసులో యాంటిబయాటిక్ అట్టలు మోసుకెళ్లే అవసరం తగ్గుతుంది. పావుగంటలో చెప్పే ఆ పరికరం మన పీహెచ్‌సీకి వచ్చేదాకా మనకున్న పళ్లెం, తీగ చాలు. వాటిని సరిగ్గా వాడుకోవాలి, అంతే.

చివరిగా, జబ్బు పుట్టే చోటు గురించి ఒక మాట. భీమవరం చుట్టుపక్కల రొయ్యల షెడ్లలో పొద్దుట్నించీ నిలబడి పనిచేసే ఆడవాళ్లు, కడియం నర్సరీల్లో మొక్కలకు మట్టి పెట్టేవాళ్లు, ఊడ్పుల్లో నడుం వంచి ఉండేవాళ్లు, బడిపిల్లలు, వీళ్లంతా దొడ్డికి వెళ్లే వసతి లేక నీళ్లు తాగడమే మానేస్తారు. పక్కన కాలవ పారుతూనే ఉంటుంది, గొంతు మాత్రం ఎండుతుంది. తరచూ ఈ ఇన్‌ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువ తాగే 140 మంది ఆడవాళ్ల మీద చేసిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. రోజూ లీటరున్నర నీళ్లు అదనంగా తాగినవాళ్లకు ఏడాదిలో సగటున 1.7 సార్లు ఇన్‌ఫెక్షన్ వస్తే, మామూలుగా తాగినవాళ్లకు 3.2 సార్లు వచ్చింది. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు తప్ప మిగతావాళ్లు ఇది పాటించవచ్చు. పాటించాలంటే షెడ్డు యజమానీ, బడి పెద్దలూ తలుపూ నీళ్లూ ఉన్న మరుగుదొడ్డి కట్టించాలి. ల్యాబుల సంఖ్య పెరగడం కంటే ఇది ముందు జరగాల్సిన పని.

ఇక మీరు ఈ వారంలో చేయదగ్గ చిన్న పని ఒకటి ఉంది. ఇంట్లో ఎవరికీ మంట లేని రోజునే కనుక్కోండి. మన ఊరి క్లినిక్‌లో మూత్రం పట్టీ ఉందా, అందులో నైట్రైట్ గడి ఉందా? మన పీహెచ్‌సీలో శాంపిల్ ఎన్నింటి దాకా తీసుకుంటారు? మనకు దగ్గర్లో కల్చర్ ఎక్కడ పెడతారు, ఆదివారం తీసుకుంటారా, అక్కడికి బస్సు ఎన్నింటికి? ఈ జవాబులు ఒక కాగితం మీద రాసి, మందుల డబ్బా మూతకు అంటించండి. రాత్రి పదింటికి మంట మొదలైతే, తెల్లారి ఎటు వెళ్లాలో ఇంట్లో ఎవరినీ అడగనక్కర్లేకుండా ఆడపిల్లకు కూడా తెలుస్తుంది.